మూడంతస్తుల పళ్లెం లెక్క: ఆఫ్టర్‌నూన్ టీ, హై టీ, క్రీమ్ టీ ఎందుకు ఒకటి కావు

పంద్రాగస్టు సాయంత్రం గవర్నర్ ఇచ్చే ‘ఎట్ హోమ్’ని మన పత్రికలు ‘తేనీటి విందు’ అని రాస్తాయి. హైదరాబాద్ హోటళ్లలో జరిగే కంపెనీ మీటింగుల ఎజెండాలో చివరి వరుస ‘హై టీ’ అని ఉంటుంది. అంటే సమోసా, కుకీలు, టీ, కాఫీ. లండన్‌లో ఉన్న పిల్లలు, ఇక్కడి నుంచి వెళ్లిన అమ్మానాన్నల కోసం బుక్ చేసేది ‘ఆఫ్టర్‌నూన్ టీ’. నైరుతి ఇంగ్లండ్‌లోని డెవాన్, కార్న్‌వాల్ వైపు వెళ్తే ఊరూరా బోర్డుల మీద కనబడేది ‘క్రీమ్ టీ’. అన్నిటి తోకా టీయే కాబట్టి అన్నీ ఒకటే అనుకోవడం సహజం. కానీ బ్రిటన్‌లో ఇవి వేర్వేరు పూటలకు, వేర్వేరు మనుషులకు పుట్టిన వేర్వేరు తిండ్లు.

ఆఫ్టర్‌నూన్ టీ గురించి ఏం చదివినా మర్యాదల చిట్టాలే ఎదురవుతాయి. ఏది ముందు తినాలి, చెంచా ఎలా తిప్పాలి, పాలు ఎప్పుడు పోయాలి అంటూ. వాటిలో పనికొచ్చే వాటన్నిటి వెనకా వంటింటి గడియారం ఉంది. కోసిన రొట్టె ఎంతసేపట్లో ఎండుతుంది, స్కోన్ (మైదా, వెన్న కలిపి కాల్చే చిన్న గుండ్రని రొట్టె) ఎంతసేపట్లో చల్లారుతుంది, ఆకు ఎంతసేపు నానితే టీ చేదెక్కుతుంది అన్న మూడు లెక్కలు తెలిస్తే మిగతాదంతా దానంతటదే అర్థమవుతుంది.

ఒక్క పేరుతో ఎన్ని పూటలు

ఆఫ్టర్‌నూన్ టీ అంటే మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ నడుమ, ఇంచుమించు మూడింటి నుంచి ఐదింటి మధ్య తినే ఫలహారం. అందులో మూడు భాగాలు. వేళ్లలా సన్నగా కోసిన శాండ్‌విచ్‌లు, జామ్‌తో, మీగడతో వెచ్చని స్కోన్లు, ఆ తర్వాత చిన్న చిన్న కేకులు. పక్కన పాట్‌లో టీ. పేరు టీయే గానీ పరిమాణం చూస్తే ఒక పూట భోజనం. ఇది తిన్నాక రాత్రికి చాలామందికి ఆకలి ఉండదు.

క్రీమ్ టీలో శాండ్‌విచ్‌లు, కేకులు ఉండవు. ఒకటో రెండో స్కోన్లు, క్లాటెడ్ క్రీమ్ అనే గట్టి మీగడ, జామ్, ఒక పాట్ టీ. ధర కూడా అందుకు తగ్గట్టే చాలా తక్కువ. ‘క్రీమ్’ అని చూసి టీలో మీగడ వేసి ఇస్తారనుకుంటారు కొందరు. టీలో పోసేది మామూలు పాలే.

హై టీ పుట్టింది ఉత్తర ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలోని ఫ్యాక్టరీ ఊళ్లలో. పొద్దంతా మిల్లులో, గనిలో పనిచేసి సాయంత్రం ఐదున్నర, ఆరింటికి ఇల్లు చేరిన మనిషికి దోసకాయ శాండ్‌విచ్ ఏం ఆనుతుంది? అందుకే పిండి పొరలో మాంసం కూరి కాల్చిన ‘పై’, చల్లని హామ్ (పంది మాంసం), కాల్చిన రొట్టె మీద చీజ్, చేప, చివర కాస్త కేకు, వీటన్నిటితో చిక్కటి టీ. అది వాళ్ల రాత్రి భోజనం. ఉత్తర ఇంగ్లండ్‌లో ఇప్పటికీ చాలా ఇళ్లలో రాత్రి భోజనాన్ని ‘టీ’ అనే పిలుస్తారు. అక్కడి పిల్లాడు ‘ఇవాళ టీకి ఏంటమ్మా’ అని అడిగితే, మన పిల్లాడు ‘రాత్రికి కూరేంటమ్మా’ అని అడిగినట్టు.

మరి ‘హై’ ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కువగా చెప్పే మాట బల్లల గురించి. దొరసానులు హాల్లో సోఫాల ముందున్న పొట్టి బల్లల మీద టీ తాగేవారు, కార్మికులు భోజనాల బల్ల దగ్గర, కుర్చీల్లో కూర్చుని తినేవారు, కాబట్టి ఎత్తు బల్ల మీది టీ ‘హై’ అయింది అని. ఆఫ్టర్‌నూన్ టీకి ‘లో టీ’ అనే పేరు ఉండటం ఈ వాదనకు బలం. ఇక్కడ ‘హై’ అంటే ఘనమైనది, నిండుగా ఉండేది అని మరికొందరంటారు. బల్ల కథ వినడానికి ముచ్చటగా ఉంది, అందుకే అది ఎక్కువ తిరుగుతుంది. రెండోది కొట్టిపారేయదగ్గదేమీ కాదు.

బ్రిటన్ దాటాక ఈ మాట తలకిందులైంది. ‘హై’ అనగానే ‘హై క్లాస్’ అనిపించడంతో అమెరికాలోనూ మన దేశంలోనూ హోటళ్లు ఖరీదైన సాయంత్రపు ఫలహారానికి ఆ పేరు పెట్టాయి. ఇది తప్పని బ్రిటిష్ మర్యాదల నిపుణులు పదే పదే చెబుతుంటారు. కానీ మాట ఊరు మారాక అర్థమూ మారుతుంది. హైదరాబాద్‌లో ‘హై టీ’ అంటే ఏమిటో పిలిచినవాళ్లకూ తెలుసు, వచ్చినవాళ్లకూ తెలుసు. చిక్కల్లా లండన్‌లో టేబుల్ బుక్ చేసేటప్పుడే. అక్కడ విదేశీ పర్యాటకుల కోసం ‘హై టీ’ అని రాసే చోట్లు కొన్ని ఉన్నాయి, అసలైన అర్థంలో వాడే చోట్లు కొన్ని ఉన్నాయి. అందుకే పేరు కన్నా మెనూలో శాండ్‌విచ్, స్కోన్, కేకు మూడూ ఉన్నాయా అన్నదే నమ్మదగ్గ గుర్తు.

డచెస్ ఆకలి కథలో ఎంత నిజం

ప్రతి టీరూమ్ మెనూ మొదటి పేజీలోనూ ఒక కథ ఉంటుంది. 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ ఏడో డచెస్ ఆనా మరియాకు సాయంత్రం నాలుగయ్యేసరికి నీరసం వచ్చేదట. గదిలోకి టీ, రొట్టె, వెన్న తెప్పించుకోవడం మొదలుపెట్టి, తర్వాత స్నేహితురాళ్లనూ పిలిచిందట. అలా ఆఫ్టర్‌నూన్ టీ పుట్టిందట.

డచెస్ నిజం. ఆమె విక్టోరియా రాణి కొలువులో పనిచేసింది, వోబర్న్ ఆబీ ఆమె ఇల్లు. ఆకలికి కారణమూ నిజమే. అప్పటికి పెద్దింటివాళ్ల రాత్రి భోజనం ఏడు, ఎనిమిది గంటల దాకా జరిగిపోయింది. మధ్యాహ్నం తినేది స్వల్పం. ఆ మధ్య ఏడెనిమిది గంటల ఖాళీని ఏదో ఒకటి నింపక తప్పదు. కానీ సాయంత్రం పూట టీ తాగడం అంతకు ముందు తరాల్లోనూ ఉంది. కాబట్టి ఆమె దాన్ని కనిపెట్టింది అనడం కన్నా, రాణికి దగ్గరైన మనిషి చేసింది కాబట్టి అది ఫ్యాషన్ అయింది అనడం సబబు.

ఆ ఫ్యాషన్ కింది తరగతులకు దిగడానికి మాత్రం డచెస్‌తో పనిలేదు, ధర తగ్గాలి. 1784 దాకా బ్రిటన్‌లో టీ మీద పన్ను 119 శాతం. దొంగ రవాణా చేసేవాళ్లకు అదొక పండగ. ఆ ఏడు చేసిన చట్టంతో పన్ను 12.5 శాతానికి పడిపోయింది. 1839లో అస్సాం టీ మొదటిసారి లండన్ వేలానికి వచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో చైనా ఆకు స్థానాన్ని భారత్, సిలోన్ ఆకు ఆక్రమించింది. ఆ తోటలకు కూలీలుగా తరలించినవాళ్లలో గంజాం, విశాఖ ప్రాంతాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల వారసులు ఇప్పటికీ అస్సాం తోటల్లో ఉన్నారు. పింగాణీ కప్పు చరిత్ర చెప్పేటప్పుడు వాళ్లను వదిలేస్తే ఆ చరిత్ర సగమే.

నగరంలో టీరూమ్ మొదలైంది ఇంకో పాతికేళ్లకు. ఎయిరేటెడ్ బ్రెడ్ కంపెనీ అనే రొట్టెల సంస్థ 1864లో లండన్‌లో టీ దుకాణం తెరిచింది. 1894లో లయన్స్ సంస్థ పికడిల్లీలో మొదటి టీషాప్ పెట్టింది. గ్లాస్గోలో మద్యపానానికి వ్యతిరేకంగా ఉద్యమం బలంగా ఉండటంతో టీరూమ్‌లకు గిరాకీ పెరిగింది. అక్కడ కేట్ క్రాన్‌స్టన్ అనే ఆవిడ 1903లో తెరిచిన విల్లో టీ రూమ్స్‌ను ఆర్కిటెక్ట్ చార్లెస్ రెనీ మాకింటాష్ కుర్చీల వీపుల దాకా తానే డిజైన్ చేశాడు. యార్క్‌షైర్‌లోని హారోగేట్‌లో 1919లో స్విట్జర్లండ్ నుంచి వచ్చిన మిఠాయి పనివాడు పెట్టిన బెట్టీస్ ఇప్పటికీ నడుస్తోంది.

వీటి అసలు విలువ ఆడవాళ్లకు తెలుసు. మగవాళ్ల తోడు లేకుండా ఒక స్త్రీ వెళ్లి కూర్చుని, ఏమైనా తిని, చేతులు కడుక్కుని రాగల చోట్లు అప్పటి నగరాల్లో చాలా తక్కువ. టీరూమ్ ఆ చోటు ఇచ్చింది. ఓటు హక్కు కోసం పోరాడిన మహిళలు సమావేశమైన చోట్లలో టీరూమ్‌లు ఉండటానికి కారణం అదే. ఇక్కడే మన ఐటీ వాళ్లకు నచ్చే విషయం ఒకటుంది. వందల టీషాపుల లెక్కలు చూసుకోలేక లయన్స్ సంస్థ సొంతంగా ‘లియో’ అనే కంప్యూటర్ కట్టుకుంది. వ్యాపార పనికి వాడిన తొలి కంప్యూటర్ అదే. 1951లో దానికి అప్పగించిన మొదటి పని బేకరీ లెక్కలు.

పళ్లెంలో కింది నుంచి పైకి ఎందుకు

మూడంతస్తుల స్టాండ్‌లో వాడుకలో ఉన్న వరస ఇది: కింద శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్లు, పైన కేకులు. తినేది కింది నుంచి పైకి. కారం, ఉప్పు ముందు, తీపి చివర అన్న సంగతి మనకు కొత్తేమీ కాదు. వరసకు అంతకన్నా గట్టి కారణం శాండ్‌విచ్ ఆయుష్షు.

అంచులు కోసేసిన తెల్ల రొట్టెకు తేమను పట్టి ఉంచే తొక్క లేదు. నాలుగు వైపులా గాలి తగులుతుంది. ఇరవై నిమిషాలకే పై పొర బిరుసెక్కి మూలలు పైకి లేస్తాయి. అందుకే మంచి వంటగదిలో శాండ్‌విచ్‌ను చుట్టూ అంచులతోనే తయారుచేసి, తడి గుడ్డ కప్పి ఉంచి, పంపే ముందు అంచులు తీసి మూడు వేళ్లుగా కోస్తారు. టేబుల్ మీదకు వచ్చేసరికే మూలలు లేచి ఉంటే అది ముందే కోసి పెట్టినదని అర్థం.

దోసకాయ శాండ్‌విచ్ చూడటానికి అమాయకంగా ఉంటుంది గానీ చేయడం తేలిక కాదు. దోసకాయలో నూటికి తొంభై అయిదు పాళ్లు నీరే. అలాగే పెడితే పదినిమిషాల్లో రొట్టె మెత్తబడి చేతికి అంటుకుంటుంది. పద్ధతి ఏమిటంటే, కాగితమంత పల్చగా తరిగిన ముక్కల మీద చిటికెడు ఉప్పు చల్లి పావుగంట జల్లెడలో ఉంచాలి. నీళ్లు దిగాక గుడ్డతో అద్దాలి. రొట్టె రెండు ముక్కలకూ మెత్తటి వెన్న అంచుల దాకా, ఒక్క చోటూ వదలకుండా రాయాలి. ఆ వెన్న రుచి కోసమే కాదు, నీళ్లు రొట్టెలోకి దిగకుండా అడ్డుగోడ కూడా. మధ్యలో మాత్రమే వెన్న రాసిన శాండ్‌విచ్ ముందు అంచుల దగ్గరే చెడుతుంది.

మిగతా వాటిలో తరచూ కనబడేవి గుడ్డు మయోనైజ్, పొగపెట్టిన సాల్మన్ చేప, హామ్, కొరోనేషన్ చికెన్. చివరిది 1953లో రెండో ఎలిజబెత్ పట్టాభిషేకపు విందుకు రోజ్‌మరీ హ్యూమ్, కాన్‌స్టన్స్ స్ప్రై తయారుచేసిన వంటకం. చల్లని కోడి మాంసంలో మయోనైజ్, కొద్దిగా కర్రీ పౌడర్, ఆప్రికాట్ కలుపుతారు. కర్రీ పేరు చూసి మన కోడి కూర ఊహించుకుంటే నిరాశ తప్పదు. అది తియ్యగా, చప్పగా, మెత్తగా ఉంటుంది.

ఇక స్కోన్లు. స్టాండ్‌లో మధ్య అంతస్తు వాటిదే అయినా, శ్రద్ధ ఉన్న చోట వాటిని అప్పుడే తీసుకురారు. శాండ్‌విచ్‌లు అయిపోవస్తుండగా రుమాలులో చుట్టి వేడిగా తెస్తారు. మొదట్లోనే స్టాండ్ మీద పెడితే శాండ్‌విచ్‌లు తినేలోపు చల్లారతాయి, చల్లారిన స్కోన్ గట్టిపడుతుంది.

స్కోన్: రెండు వేళ్ల ఎత్తు, నడుము దగ్గర ఒక చీలిక

ఈ విందులో అన్నిటికన్నా నిజాయతీ అయిన వస్తువు స్కోన్. కేకును క్రీముతో కప్పిపుచ్చవచ్చు, స్కోన్‌ను కప్పిపుచ్చలేరు. బాగా కాలిన స్కోన్ నిటారుగా పెరిగి ఉంటుంది. పైన బంగారు రంగు, పక్కలు మాత్రం తెల్లగా. నడుము దగ్గర చుట్టూ సన్నని చీలిక ఉంటుంది. అక్కడ రెండు బొటనవేళ్లతో నొక్కితే కత్తి అక్కర్లేకుండా రెండుగా విడిపోతుంది. లోపలి నుంచి వెన్న వాసనతో ఆవిరి వస్తుంది.

కొలతలు సులభం. ఎనిమిది స్కోన్లకు 225 గ్రాముల సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్, చిటికెడు ఉప్పు, 55 గ్రాముల చల్లని వెన్న, 25 గ్రాముల పంచదార, 150 మి.లీ. పాలు. మన దగ్గర ఆ పిండి దొరక్కపోతే అంతే మైదాలో మూడు టీస్పూన్ల బేకింగ్ పౌడర్ జల్లించి కలుపుతారు. వెన్నను వేలి కొసలతో పిండిలో రవ్వలా అయ్యేదాకా నలిపి, పంచదార కలిపి, పాలు పోసి ముద్ద చేసి, రెండున్నర సెం.మీ. మందాన చేత్తో ఒత్తి, అయిదు సెం.మీ. గుండ్రని అచ్చుతో కోసి, 220 డిగ్రీల సెల్సియస్ వేడిలో 12 నుంచి 15 నిమిషాలు కాలుస్తారు.

చెడేది ఎక్కడ? మన చెయ్యి చపాతీ పిండికి అలవాటు పడింది, అదే ఇక్కడ ముంచేస్తుంది. మర్దించే కొద్దీ మైదాలో గ్లూటెన్ అనే జిగురు ప్రొటీన్ సాగి బిగుస్తుంది. చపాతీకి అది కావాలి, స్కోన్‌కు అక్కర్లేదు. పాలు పోశాక ముద్ద కూడగట్టుకోగానే చెయ్యి తీసేయాలి, చూడటానికి గరుకుగా ఉన్నా సరే. రెండోది, అచ్చును గుచ్చి మెలితిప్పడం. తిప్పితే అంచులు మూసుకుపోయి స్కోన్ ఒక పక్కకు ఒరుగుతుంది. నిలువుగా నొక్కి నిలువుగా తీయాలి. మూడోది, పైన పూసే గుడ్డు లేదా పాలు పక్కల మీదుగా కారడం. కారిన చోట అంచు అతుక్కుపోయి పైకి లేవదు. పీజా పళ్లెంలా చదునుగా వచ్చిందంటే ముద్దను మరీ పల్చగా ఒత్తారు, లేదా పొయ్యి వేడెక్కకముందే పెట్టారు.

పేరు పలకడంలోనూ బ్రిటన్ రెండుగా చీలింది. స్కాట్లండ్‌లో, ఉత్తర ఇంగ్లండ్‌లో ఎక్కువమంది ‘స్కాన్’ అంటారు, దక్షిణాన ‘స్కోన్’ కూడా బాగా వినబడుతుంది. రెండిటిలో ఏదీ తప్పు కాదు.

జామ్ ముందా, మీగడ ముందా

క్లాటెడ్ క్రీమ్‌కు మనకు దగ్గరి పోలిక పాల మీద కట్టిన మందపాటి మీగడ. చిక్కటి క్రీమును గంటల తరబడి సన్నని వేడి మీద ఉంచి, కదపకుండా చల్లారనిస్తే పైన పసుపు తిరిగిన గట్టి పొర కడుతుంది. కార్నిష్ క్లాటెడ్ క్రీమ్ అనే పేరుకు 1998 నుంచి భౌగోళిక రక్షణ ఉంది. కనీసం 55 శాతం కొవ్వు ఉండాలి. దీన్ని చెంచాతో తీసి పెట్టాలి తప్ప పోయలేం.

డెవాన్ వాళ్లు స్కోన్ మీద ముందు మీగడ రాసి పైన జామ్ పెడతారు. కార్న్‌వాల్ వాళ్లు ముందు జామ్, పైన మీగడ. ఈ గొడవ చిన్నదేమీ కాదు. 2018లో కార్న్‌వాల్‌లోని లాన్‌హైడ్రాక్ అనే చారిత్రక భవనం వాళ్లు ప్రకటనలో మీగడ కింద, జామ్ పైన ఉన్న ఫొటో వేస్తే స్థానికులు మండిపడ్డారు, క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

రెండు పక్షాలకూ సరైన కారణాలున్నాయి. డెవాన్ వాదన: మీగడ వెన్న లాంటిది, రొట్టె మీద వెన్నే ముందు రాస్తాం, దాని మీద జామ్ జారదు. కార్న్‌వాల్ వాదన: వేడి స్కోన్‌కు మీగడ నేరుగా తగిలితే కరిగి ఇంకిపోతుంది, మధ్యలో జామ్ ఉంటే మీగడ నిలుస్తుంది, పైన ఉంటే దాని రుచి ముందు నాలుకకు తగులుతుంది. నిజానికి తేల్చేది స్కోన్ వేడి. పొగలు కక్కుతున్నప్పుడు జామ్ ముందు వేయడమే మేలు. గోరువెచ్చగా ఉంటే మీగడ ముందు రాసినా ఇబ్బంది లేదు. అయితే డెవాన్‌లో కూర్చుని ఈ మాట అనకపోవడం మంచిది.

పాట్‌లో జరిగేది

మన టీకీ అక్కడి టీకీ తేడా ఆకులోనే మొదలవుతుంది. మనం ఇంట్లో వాడేది ఎక్కువగా సీటీసీ, అంటే యంత్రంలో నలిపి, చీల్చి, గుండ్రటి పలుకులుగా చేసినది. 1930లలో అస్సాంలో ఈ పద్ధతి పుట్టింది. అది పాలల్లో మరిగినా నిలబడేంత చిక్కదనం ఇస్తుంది. పేరున్న టీరూమ్‌లలో ఇచ్చేది చాలావరకు ఆర్థొడాక్స్ ఆకు, చుట్టి ఆరబెట్టిన పూర్తి ఆకు. దాన్ని మరిగించరు, వేడి నీళ్లలో నాననిస్తారు. అందుకే మొదటిసారి తాగినవాళ్లు ‘నీళ్లలా ఉంది’ అంటారు. డార్జిలింగ్ తెప్పించుకుని అందులో పాలు నిండుగా పోస్తే నిజంగానే ఏ రుచీ మిగలదు. పాలకు తట్టుకునేవి అస్సాం, ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ రకాలు. బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె కలిపిన ఎర్ల్ గ్రేకు పాల కన్నా నిమ్మ ముక్క నప్పుతుంది.

లెక్క ఇలా ఉంటుంది. 200 మి.లీ. కప్పుకు రెండున్నర గ్రాముల ఆకు, అంటే ఒక టీస్పూన్. అర లీటరు పాట్‌కు ఆరు గ్రాములు. నల్ల టీకి అప్పుడే మరిగిన నీళ్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు. గ్రీన్ టీకి 75, 80 డిగ్రీలు చాలు, రెండు మూడు నిమిషాలు. ఇప్పుడు సమస్య చూడండి. పాట్‌లో రెండున్నర కప్పులుంటాయి. మొదటి కప్పు నాలుగో నిమిషంలో పోసుకున్నారు, అద్భుతంగా ఉంది. కబుర్లలో పడి రెండోది పదిహేనో నిమిషంలో పోసుకుంటే నాలుక పట్టుకుపోయేంత వగరు. ఆకు అందాకా నీళ్లలోనే ఉంది కదా. మంచి టీరూమ్‌లు ఆకును తీసేసి పాట్ తెస్తాయి, లేదా ఆకు ఉన్న జల్లెడను పైకి తీసే వీలిస్తాయి. అదేమీ లేకపోతే పక్కన వేడినీళ్ల జగ్గు పెడతారు. అది రెండో కప్పు చిక్కదనం తగ్గించడానికే.

లండన్‌లో టీ మీద సన్నని గోధుమరంగు తెట్టు తేలితే కప్పు కడగలేదని అనుకోవద్దు. అక్కడి నీళ్లలో సున్నం ఎక్కువ. ఆ కాల్షియం టీలోని పదార్థాలతో గాలి తగిలిన చోట కలిసి పొర కడుతుంది. బోరు నీళ్లతో టీ పెట్టుకునే మన ఇళ్లలోనూ ఇదే కనబడుతుంది. రెండు చుక్కల నిమ్మరసం పడితే పొర కట్టదు. గ్లాస్గోకు లాక్ కాట్రిన్ సరస్సు నుంచి మెత్తటి నీళ్లు వస్తాయి, అందుకే అదే ఆకుతో అక్కడ టీ మరింత తేటగా ఉంటుంది.

పాలు ముందా, టీ ముందా అన్నది అన్నిటికన్నా పాత తగువు. పాలు ముందు పోయాలనేవారి వాదనకు శాస్త్రం ఉంది. వేడి టీలో పాలు చుక్క చుక్కగా పడితే ఒక్కో చుక్క విపరీతంగా వేడెక్కి అందులోని ప్రొటీన్లు రూపు మారతాయి, ఉడికిన పాల వాసన వస్తుంది. పాల మీద టీ పోస్తే వేడి మెల్లగా పెరుగుతుంది. టీ రుచి పోల్చడానికి 1980లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3103 కూడా పాలు ముందు వేయడం వైపే మొగ్గింది. తర్వాత కలిపేటట్టయితే టీ 65, 80 డిగ్రీల మధ్య ఉండాలంటుంది. అవతలి వాదన కూడా అంతే బలమైనది. పాట్‌లో టీ ఎంత చిక్కగా దిగిందో కప్పులో పోస్తే గానీ తెలియదు, ముందే పాలు పోసేస్తే సరిదిద్దలేం. టీరూమ్‌లో ఆ రెండోదే పనికొస్తుంది, ఎందుకంటే పాట్ ఎవరిదో, ఆకు ఎంతో మనకు తెలియదు. పైగా పింగాణీ కప్పులోకి చేరేసరికే టీ కొంత చల్లారి ఉంటుంది. నాంపల్లి ఇరానీ హోటల్లో డికాక్షన్ ఒక గిన్నెలో, మరిగి చిక్కబడ్డ పాలు ఇంకో గిన్నెలో ఉంచి కప్పులో కలిపేవాళ్లకు ఈ చర్చ వెంటనే అర్థమవుతుంది.

శాకాహారి అంటే అక్కడ ఎవరు

మనవాళ్లకు ఇక్కడే ఎక్కువ ఇబ్బంది. బ్రిటన్‌లో ‘వెజిటేరియన్’ అంటే గుడ్డు, పాలు తినేవారు. వెజిటేరియన్ ఆఫ్టర్‌నూన్ టీ అడిగితే గుడ్డు శాండ్‌విచ్ రావడం మామూలే. కేకులు, మాకరాన్లు, మయోనైజ్, లెమన్ కర్డ్ (పెరుగు కాదు, నిమ్మరసంతో చేసే తీపి క్రీము) అన్నిటిలో గుడ్డే. గుడ్డు లేని స్కోన్‌కు కూడా మెరుపు కోసం చాలాచోట్ల పైన గుడ్డు పూస్తారు. ‘వీగన్’ మెనూ అడిగితే గుడ్డు పోతుంది, దానితో పాటు వెన్న, క్లాటెడ్ క్రీమ్ కూడా పోతాయి.

ఇక్కడ చట్టం కొంత సాయపడుతుంది. అలర్జీ కలిగించే 14 పదార్థాల వివరం తినేవాళ్లకు చెప్పడం బ్రిటన్‌లో తప్పనిసరి. గుడ్డు ఆ పద్నాలుగులో ఉంది. కాబట్టి అలర్జీ పట్టిక చూస్తే ఏ ముక్కలో గుడ్డుందో స్పష్టంగా తెలుస్తుంది. జంతువుల ఎముకల, చర్మాల నుంచి తీసే జెలటిన్ మాత్రం ఆ జాబితాలో లేదు. మూస్, జెల్లీ, మార్ష్‌మాలో లాంటి వాటిలో ఉండేది అదే. పట్టిక శుభ్రంగా ఉన్నంత మాత్రాన కేకు శాకాహారం అయిపోదు, జెలటిన్ గురించి విడిగా అడిగితేనే తెలుస్తుంది. ఇదంతా బుక్ చేసేటప్పుడే చెప్పాలి. కేకులు పొద్దున్నే తయారైపోతాయి, టేబుల్ దగ్గర కూర్చున్నాక చెబితే చెఫ్ చేయగలిగింది తక్కువ.

బిల్లులో చివరి వరుస

మనిషికి 60 పౌండ్ల మెనూ అనుకుందాం. ఇద్దరికి 120. మెనూ ధరలోనే 20 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది. అంటే ఆ 120లో 20 పౌండ్లు పన్నే. విడిగా కట్టక్కర్లేదు. కింద ‘డిస్క్రీషనరీ సర్వీస్ చార్జ్ 12.5 శాతం’ అని 15 పౌండ్లు చేరి మొత్తం 135 అవుతుంది. డిస్క్రీషనరీ అంటే మన ఇష్టం. తీసేయమంటే తీసేస్తారు. 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో ఆ డబ్బంతా సిబ్బందికే చేరాలి, యజమాని అందులో కోత పెట్టకూడదు. సర్వీస్ చార్జ్ కట్టాక మళ్లీ టిప్ పెట్టాల్సిన పనిలేదు.

ధరలో కూర్చునే సమయం కూడా కలిసి ఉంటుంది. ఇది చాలామంది గమనించరు. పెద్ద హోటళ్లు రోజును వాయిదాలుగా కోస్తాయి. లండన్‌లో 1906లో తెరిచిన రిట్జ్ హోటల్‌లోని పామ్ కోర్ట్ అనే హాల్లో పదకొండున్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా రెండేసి గంటల తేడాతో అయిదు విడతలు నడుస్తాయి, మగవాళ్లకు కోటు, టై తప్పనిసరి. ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్తే పోయేది మన స్కోన్ సమయమే. శాండ్‌విచ్‌లు, టీ మళ్లీ మళ్లీ తెచ్చిపెట్టే చోట్లు చాలా ఉన్నాయి, కేకులకు ఆ వీలు కొన్నింట్లోనే.

మిగిలిన కేకులను డబ్బాలో పెట్టి ఇమ్మని అడగడం నామోషీ కాదు, చాలా టీరూమ్‌లలో అందుకు అట్టపెట్టెలు సిద్ధంగా ఉంటాయి. స్కోన్ మర్నాడు పొద్దున 160 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నిమిషాలు పెడితే మళ్లీ మెత్తబడుతుంది. మైక్రోవేవ్‌లో పెడితే మొదట మెత్తగా అనిపించి, చల్లారేలోపే రబ్బరు అవుతుంది. ఫ్రూట్ కేకు రెండు మూడు రోజులు హాయిగా ఉంటుంది. శాండ్‌విచ్‌లు మాత్రం అక్కడే తినేయాలి.